సముద్రగర్భంలో జమాఖర్చులు

సూరత్‌లో స్థిరపడిన మనబోటి తెలుగు కుటుంబాలకు సముద్రమంటే డుమస్, కాదంటే సువాలీ. ఆదివారం సాయంత్రం పిల్లాపాపలతో వెళ్ళి, వేడివేడి టమాటా భజియాలు తిని, నల్లని ఇసుకలో నాలుగడుగులు నడిచి వస్తాము. వెళ్ళిన వేళ మంచిదైతే నీళ్ళు కాళ్ళను తాకుతవి. లేకుంటే కనుచూపు మేర బురదే తప్ప సముద్రం కనబడదు. విశాఖ ఒడ్డున పెరిగిన నావంటివాడికి మొదట్లో ఇదొక వింత. అక్కడ పున్నమి నాడైనా, అమావాస్య నాడైనా పోటుకూ ఆటుకూ మధ్య ఎత్తు తేడా 1.5 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇక్కడి ఖంభాత్ అఖాతంలో లోపలికి పోయినకొద్దీ అది పెరిగి పెరిగి భావనగర్ దగ్గర 10 మీటర్లు దాటుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు.

ఇన్ని నీళ్ళను ఇంత ఎత్తుకు రోజుకు రెండుసార్లు లేపి దించే శక్తి చివరికి ఎవరి ఖాతాలో జమ అవుతున్నది? గ్యాసు ప్లాంటులో మూడు దశాబ్దాలుగా ‘ఎంత వచ్చింది, ఎంత పోయింది’ అనే లెక్కలతో కాలం గడిపినవాడికి ఈ ప్రశ్న తట్టకుండా ఉండదు. శక్తి నశించదని పదవ తరగతిలోనే చదువుకున్నాము. నశించకపోతే, కోట్ల సంవత్సరాలుగా చంద్రుడు పోస్తున్న ఈ పెట్టుబడి ఎక్కడికో ఒకచోటికి చేరవలసిందే గదా!

లెక్క ఇలా ఉన్నది. ప్రపంచ సముద్రాలన్నిటిలో ఆటుపోట్ల వలన వ్యయమవుతున్న శక్తి సుమారు 3.5 టెరావాట్లు. ఇందులో పెద్దవాటా మన ఖంభాత్ వంటి లోతు తక్కువ అఖాతాలలో నేలతో రాపిడికి ఖర్చయి వేడిగా మారిపోతున్నది. ఈ వ్యయం వల్లనే చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున మననుంచి దూరంగా జరుగుతున్నాడు. అయితే మొత్తమంతా ఒడ్డున ఖర్చు కావటం లేదు. 2000 సంవత్సరంలో ఎగ్బర్ట్, రే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు టోపెక్స్–పొసైడన్ ఉపగ్రహం తీసిన సముద్రమట్టపు కొలతలను పరిశీలించి, దాదాపు 1 టెరావాట్ నడిసముద్రంలో, లోతైన చోట్ల మాయమవుతున్నదని తేల్చారు. ఒక టెరావాట్ అంటే పది లక్షల మెగావాట్లు. మన పొరుగున ఉన్న 656 మెగావాట్ల కవాస్ విద్యుత్కేంద్రం వంటివి ఒకటిన్నర వేలు! అయినా దానిని సముద్రాల వైశాల్యమంతటికీ పంచితే చదరపు మీటరుకు మూడు మిల్లీవాట్లకు మించదు. ఇంత పలచగా పరచుకున్న శక్తి ఏ దారిన పోతున్నదో కనిపెట్టడం సులభం కాదు.

నాలుగు కిలోమీటర్ల లోతున నేల రాపిడి స్వల్పం. మరి ఆ శక్తిని పుచ్చుకొంటున్నది ఎవరు? సముద్రం లోపలి అలలు. శాస్త్రపరిభాషలో వీటిని అంతర్గత తరంగాలంటారు.

వీటిని చూడటానికి ఓడ అక్కరలేదు, వంటింట్లోకి వెళితే చాలు. ఒక గాజుసీసాలో సగం వరకు నీళ్ళు పోసి, కాస్త నీలిమందు కలిపి, పైన వేరుశనగ నూనె నింపి మూత బిగించండి. సీసాను అడ్డంగా పట్టుకొని మెల్లగా అటూ ఇటూ వంచండి. నూనె పైన గాలి కొంచెం మిగిలి ఉంటే అక్కడ పెద్ద అలజడి కనబడదు; నూనెకూ నీటికీ మధ్య సరిహద్దు మాత్రం బద్ధకంగా, ఎత్తుగా లేచి పడుతుంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1762లో ఓడ ప్రయాణంలో, నీళ్ళూ నూనే పోసిన దీపంలో ఇదే చూసి ఆశ్చర్యపడి స్నేహితుడికి ఉత్తరం రాశాడు. సముద్రంలో నూనె లేకపోయినా పైన వేడి నీరు, కింద చల్లని నీరు ఉన్నవి. కొన్నిచోట్ల పైన ఉప్పు తక్కువ, కింద ఎక్కువ. ఈ పొరల సాంద్రతలో తేడా వెయ్యికి మూడు నాలుగు పాళ్ళకు మించకపోవచ్చు. తేడా తక్కువ కాబట్టే పొరను పైకి లేపడానికి పెద్ద బలం అవసరం లేదు. కాబట్టే ఆ అలలు నెమ్మదిగా నడుస్తూ, ఎంతో ఎత్తు లేస్తవి. యాభై మీటర్ల మందమున్న పై పొర, దాని కింద లోతైన నీరు, వెయ్యికి నాలుగు పాళ్ళ తేడా తీసుకొని లెక్కకడితే అల వేగం సెకనుకు 1.4 మీటర్లు వస్తుంది. అంటే మనిషి నడక. పై మట్టాన పెద్ద అల అదే 50 మీటర్ల నీటిలో సెకనుకు 22 మీటర్లు పరుగెత్తుతుంది.

ఈ విషయంలో మన వాల్తేరుకు ఒక చరిత్ర ఉన్నదని చాలామందికి తెలియదు. 1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్రశాస్త్రజ్ఞుడు ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడ సముద్రశాస్త్ర అధ్యయనానికి పునాది వేశాడు. నౌకాదళం వారి ఓడల సాయంతో విశాఖ తీరాన బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరాన్ని నీళ్ళలోకి దింపి, లోతునుబట్టి ఉష్ణోగ్రత ఎలా మారుతున్నదో గీతలు గీయించాడు. ఒకేచోట గంటగంటకూ కొలిస్తే, ఒకే లోతున నీరు వేడెక్కుతూ చల్లబడుతూ కనిపించింది. ఆ హెచ్చుతగ్గులకు ఆటుపోట్ల కాలమే కాలం. నీరు నిజంగా వేడెక్కటం లేదు. చల్లని పొర లోపల లేచి పడుతున్నది. ఈ సంగతి 1954లో విశ్వవిద్యాలయం వారి సముద్రశాస్త్ర సంపుటంలో అచ్చయింది. ఋషికొండకు వెళ్ళే దారిలో ఆగి చూస్తే నీటిమీద ఒడ్డుకు సమాంతరంగా నున్నని చారలు, వాటి మధ్య గరుకు చారలు కొన్ని రోజులలో కనబడేవి. చిన్నతనంలో మేము వాటిని ఎవరో నూనె పారబోసిన చారలనుకొనేవాళ్ళం. లఫాండ్ తరువాత శాన్‌డీగో తీరాన సముద్రంలో నిలిపిన ఒక గోపురం మీదినుంచి కొలిచి, అటువంటి చారలకూ లోపలి అలలకూ ఉన్న సంబంధాన్ని వివరంగా చూపాడు.

మన డ్రిల్లింగ్ విభాగంలోని మిత్రులకు మాత్రం ఇది వింతగా తోచదు. అండమాన్ సముద్రంలో 1970ల మధ్యలో ఒక విదేశీ చమురు కంపెనీ డ్రిల్లింగ్ ఓడకు లోపలి అలలు గట్టి దెబ్బే కొట్టినవి. ఆ అనుభవం తరువాత జరిపిన కొలతలను ఆస్బోర్న్, బర్చ్ 1980లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అక్కడ లోపలి అలల ఎత్తు 60 మీటర్లకు మించినది. ప్రవాహవేగం సెకనుకు 1.8 మీటర్ల వరకు పోయింది. పైన గాలి లేదు, తుఫాను లేదు. దూరాన తెల్లని నురుగు గీత ఒకటి మెల్లగా దగ్గరకు వస్తుంది. అది దాటేవేళ వెయ్యి మీటర్ల నీటిలో వేలాడుతున్న రైజరు గొట్టం మీద ఏ బరువు పడుతుందో ఊహించుకోవచ్చు. 1975లో అపోలో–సోయుజ్ వ్యోమగాములు పైనుంచి తీసిన ఛాయాచిత్రాలలో అదే సముద్రంలో ఈ చారలు వరుసలు తీరి కనిపించినవి. అవి ఆటుపోట్లు నికోబార్ దీవుల మధ్య గట్లను దాటేటప్పుడు పుట్టినవే. చంద్రుడి పెట్టుబడిలో ఒక వాటా అన్నమాట.

ఇంతవరకు ‘జమ’ పద్దు. అసలు చిక్కు ‘ఖర్చు’ దగ్గర ఉన్నది. అండమాన్‌లో వలె నిటారుగా లేచి విరిగే అలలు కొన్నే. ఆటుపోట్ల వలన పుట్టే లోపలి అలలలో ఎక్కువ భాగం వంద, నూటయాభై కిలోమీటర్ల పొడవుతో, వందల వేల కిలోమీటర్లు సాఫీగా సాగిపోతవి. నీటిని కలిపేది మాత్రం ఒకటి రెండు మీటర్ల సుడులు. వంద కిలోమీటర్ల అల నుంచి ఒక మీటరు సుడి వరకు శక్తి ఎన్ని చేతులు మారి వస్తున్నది? పెద్దనోటు చిల్లరగా మారే ఈ దారిని గురించి మా అమ్మాయి బెంగుళూరులో పరిశోధన చేస్తున్నది. నాకు తెలిసినదంతా ఆమె చెప్పగా విన్నదీ, ఆమె ఇచ్చిన పుస్తకాలు చదివినదీ.

సముద్రం పై అలలు ఒకదానికొకటి శక్తిని ఇచ్చి పుచ్చుకోవాలంటే నాలుగు అలలు కలవాలి. దీనిని 1960లో ఫిలిప్స్ చూపగా, 1962లో క్లాస్ హాసెల్మన్ పూర్తి గణితం కట్టాడు. ఆ హాసెల్మనే 2021లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతిని పంచుకొన్నవారిలో ఒకరు. లోపలి అలలకు నాలుగు అక్కరలేదు, మూడు చాలు. రెండు పిల్ల అలల పౌనఃపున్యాలు కలిపితే తల్లి అల పౌనఃపున్యానికి సరిపోవాలి. అలల పొడవు, దిశల లెక్క కూడా అలాగే కుదరాలి. అప్పుడు అనునాదం ఏర్పడి, తల్లి అల నుంచి పిల్ల అలలకు శక్తి కారిపోతుంది. కుదరకపోతే ఒకదానిలోనుంచి ఒకటి ఏమీ జరగనట్టు దాటిపోతవి.

నాకు ఇది తలకెక్కడానికి చాలాకాలం పట్టింది. చివరికి ఎక్కించినది అట్లతద్ది ఉయ్యాల. గోదావరి, విశాఖ జిల్లాల ఆడపడుచులకు నేను చెప్పనక్కరలేదు. చింతకొమ్మకు కట్టిన ఉయ్యాల మీద నిలబడి ఊగే పిల్లను వెనుకనుంచి ఎవరూ తోయరు. ఉయ్యాల రెండు కొసలకూ చేరినప్పుడు ఆమె మోకాళ్ళు వంచుతుంది. నడుమకు వచ్చినప్పుడల్లా లేచి నిలబడుతుంది. ఉయ్యాల ఒకసారి పోయి వచ్చేలోగా ఆమె రెండుసార్లు వంగి రెండుసార్లు లేస్తుంది. రెట్టింపు వేగంతో సాగే ఆ లేవడం వంగడమే సగం వేగంతో సాగే ఊపును పెంచుతున్నది. పన్నెండు గంటల ఇరవైఅయిదు నిమిషాలకొకసారి లేచి పడే ఆటుపోటు అల కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. దాని లేవడం వంగడం వలన, రోజుకు కొంచెం మించి, అంటే 24 గంటల 50 నిమిషాలకు ఒకసారి ఊగే రెండు చిన్న అలలు బలం పుంజుకొంటవి. ఉయ్యాల పూర్తిగా నిశ్చలంగా ఉంటే ఎన్ని గుంజీళ్ళు తీసినా కదలదు. మొదట ఎవరో చిన్నగా కదపాలి. సముద్రంలో ఆ చిన్న కదలికకు ఎప్పుడూ లోటు లేదు.

ఇక్కడ భూభ్రమణం అడ్డు వస్తుంది. నీటి లోపల స్వేచ్ఛగా సాగే అల ఎంత నెమ్మదిగా ఊగవచ్చుననే దానికి అక్షాంశాన్నిబట్టి ఒక హద్దు ఉన్నది. సూరత్ అక్షాంశంలో ఆ హద్దు 33 గంటలు. విశాఖలో 39 గంటలు. ఉత్తరానికి పోయినకొద్దీ తగ్గుతూ 28.8 డిగ్రీల దగ్గర సరిగ్గా 24 గంటల 50 నిమిషాలు అవుతుంది. దానికి అవతల సగం వేగపు పిల్ల అలలు పుట్టే వీలులేదు. మన అరేబియా సముద్రమూ, బంగాళాఖాతమూ పూర్తిగా ఆ గీతకు దక్షిణానే ఉన్నవి. అంటే మన రెండు సముద్రాలలోనూ ఉయ్యాల ఊగవచ్చు.

ఊగవచ్చునన్నంత మాత్రాన ఎంత ఊగుతుందో చెప్పలేము. దానికొక మంచి ఉదాహరణ ఉన్నది. 2005లో జెన్నిఫర్ మెకినన్, క్రెయిగ్ వింటర్స్ కంప్యూటర్ అనుకరణ ఒకటి చేశారు. ఉత్తరంగా సాగిపోతున్న ఆటుపోటు అల ఆ 28.8 డిగ్రీల గీత దగ్గరకు రాగానే తన శక్తిలో పెద్దభాగాన్ని పిల్ల అలలకు ధారపోసి కూలిపోవడం అందులో కనిపించింది. దానికి వారు ‘ఉపోష్ణమండల విపత్తు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మరుసటి ఏడాది, 2006లో, హవాయి దీవులకు ఉత్తరాన ఓడలతో, లంగరు వేసిన పరికరాలతో వెతికారు. పిల్ల అలలు దొరికినవి. ఆ గీత దగ్గర వాటి జాడ స్పష్టంగానే ఉన్నది. విపత్తు మాత్రం దొరకలేదు. తల్లి అల కొద్దిగా నష్టపోయి, తన దారిన తాను ఉత్తరానికి సాగిపోతూనే ఉన్నది. అనుకరణ అబద్ధం చెప్పలేదు. దారి సరిగానే చూపింది, మొత్తమే ఎక్కువ చెప్పింది. మెకినన్ స్వయంగా ఆ ఓడ పరిశోధనలో పాల్గొన్నవారిలో ఒకరు. తన లెక్కను తానే సముద్రానికి తీసుకుపోయి తనిఖీ చేసుకోవడం నాకు ఎంతో నచ్చింది.

పిల్ల అలల దారి ఒక్కటే కాదు. 1977లో మెకోమాస్, బ్రెథర్టన్ మూడు దారులను వేరుచేసి చూపారు. మిగిలిన రెండింటిలో ఒకటి పైకి పోయే అలను కిందికి మళ్ళించేది. మరొకటి, పెద్ద నెమ్మదైన అలల ప్రవాహంలో చిక్కుకొన్న చిన్న అల ఇటూ అటూ తోపులు తింటూ క్రమంగా పొట్టిదవుతూ పోయేది. ఏ దారిన ఎంత అనేదానిమీద నేటికీ వాదం సాగుతున్నది. విచిత్రమేమంటే, ఏ సముద్రంలో కొలిచినా ఈ అలల గుంపు ఇంచుమించు ఒకే రూపంలో కనిపిస్తుందని 1972లోనే గారెట్, మంక్ చెప్పారు. ఎందుకలా ఉండాలో మాత్రం పూర్తిగా తేలలేదు.

ఇక కంప్యూటర్ సంగతి. లింబాయత్ వైపు తెలుగు పద్మశాలి కుటుంబాలు ఎన్నో మగ్గాల మీద బతుకుతున్నవి. కరీంనగర్, వరంగల్ ప్రాంతాలనుంచి వచ్చినవారు చాలామంది. అక్కడి పెద్దలెవరినైనా అడగండి, దారానికీ దారానికీ మధ్య ఎడం కంటె సన్నని పువ్వును నేయగలరా అని. నేయలేరు. సముద్రపు అనుకరణ కూడా పడుగూ పేకా వేసిన బట్టే. సముద్రాన్ని గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో వేగం, ఉష్ణోగ్రత, ఉప్పు ఒక్కొక్క అంకెగా పెట్టి, నిమిషనిమిషానికీ అవి ఎలా మారుతవో లెక్కిస్తారు. గడి వెడల్పు 9 కిలోమీటర్లయితే, ఒక అలను సవ్యంగా గీయడానికి ఆరేడు గడులైనా కావాలి గనుక, 60 కిలోమీటర్లకంటె పొట్టి అల ఆ బట్టలో నేయబడదు. 2011–12 కాలపు సముద్రాన్ని 2 కిలోమీటర్ల గడులతో, 90 పొరలతో ప్రపంచమంతటికీ లెక్కించిన అమెరికా వారి అనుకరణ ఒకటి ఉన్నది. అందులో కూడా నీటిని కలిపే మీటరు సుడి ఊహామాత్రమే.

మరి పెద్ద అల నుంచి దిగి వచ్చిన శక్తి, ఇక నేయడానికి దారం లేని చోటికి వచ్చి ఆగితే ఏమవుతుంది? అక్కడే పోగుపడుతుంది. పక్కపక్క గడులలో అంకెలు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా కొట్టుకొంటూ, కొద్దిసేపటికి లెక్క మొత్తం పేలిపోతుంది. అది జరగకుండా, నీటికి లేని చిక్కదనాన్ని కృత్రిమంగా కలుపుతారు. సన్నని అలలను అది తినేస్తుంది. తప్పనిసరి ఏర్పాటే గాని, తినేది సముద్రం కాదు, కంప్యూటరు.

మన ప్లాంటులో పనిచేసినవారికి ఈ బాధ సులభంగా అర్థమవుతుంది. లోపలికి వచ్చిన గ్యాసు, బయటకు పోయిన గ్యాసు, మనమే వాడుకొన్నది, మంటకు పోయినది అన్నీ కూడితే చివర కొంత మిగులుతుంది. దానికి ‘లెక్కకు రానిది’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడి చిన్నదిగా ఉన్నంతకాలం ఎవరూ అడగరు. అది పెరిగిన నెల మనందరికీ నిద్ర ఉండదు.

మా అమ్మాయి తన మొదటి పెద్ద అనుకరణను బంగాళాఖాతం మీద చేసింది. అండమాన్ గట్టు దగ్గర పుట్టిన ఆటుపోటు అల పడమటికి సాగుతూ పిల్ల అలలకు ఎంత ఇస్తున్నదో, మిగిలిన రెండు దారులకు ఎంత పోతున్నదో వేరువేరుగా లెక్కవేసింది. అందమైన పట్టిక వచ్చింది. ఒక సభకు దాని సారాంశాన్ని పంపింది, వారు అంగీకరించారు కూడా. ఆ సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూసి మా కాలనీ మిత్రులకు నేనే మిఠాయి పంచాను.

తరువాత, ఎవరూ అడగకపోయినా, ఆ కృత్రిమ చిక్కదనాన్ని సగానికి తగ్గించి మళ్ళీ నడిపించి చూసింది. పట్టిక మారిపోయింది. పిల్ల అలలకు పోయే వాటా బాగా పెరిగింది. కారణం కష్టమైనది కాదు. పిల్ల అలలు నిలువున చాలా సన్నని పొరలుగా ఉంటవి. చిక్కదనం ఎక్కువైతే అవి పుట్టీ పుట్టకముందే కరిగిపోతవి. ఉయ్యాల తాళ్ళకు తారు పూసినట్టు. అంటే మొదటి పట్టికలోని అంకె సముద్రపుది కొంత, ఆమె ఎంచుకొన్న చిక్కదనపుది కొంత. ఎంత ఏదో విడదీసే మార్గం అప్పటికి లేదు.

ఆ వారం ఫోనులో ఆమె గొంతు నాకు ఇంకా గుర్తున్నది. “నాన్నగారూ, సభలో మొదటి పట్టికే చూపిస్తే ఎవరికీ తెలియదు. చాలామంది ఒక్క చిక్కదనంతోనే చేస్తారు. కాని నాకు తెలుసు గదా!” అన్నది. అయిదేళ్ళ ఫెలోషిప్‌లో అప్పటికి మూడేళ్ళు గడిచినవి. రెండవ పట్టికను కూడా కలిపితే తేలిన ఫలితమంటూ ఏమీ మిగలదు. మళ్ళీ సన్నని గడులతో మొదలుపెట్టాలి, కాలం చాలుతుందో లేదో తెలియదు. తండ్రిగా నేనేమి చెప్పాలో తోచక కాసేపు మౌనంగా ఉన్నాను.

పక్కనుంచి మా శ్రీమతి ఫోను అందుకొన్నది. ఇరవైఎనిమిదేళ్ళుగా ఇంటి పద్దు పుస్తకం ఆమె చేతిలో ఉన్నది. “నాకు మీ అలల సంగతి తెలియదు తల్లీ. పద్దు కుదరకపోతే నేను ఆ పూట కింద ‘తేడా ఇంత’ అని రాసి గీత కొడతాను. మర్నాడు వెతుక్కొంటాను. లేని ఖర్చు రాసి కూడిక సరిచేస్తే ఇక ఎప్పటికీ దొరకదు,” అన్నది. అటునుంచి నవ్వు వినిపించింది. చాలా రోజుల తరువాత విన్న నవ్వు అది.

సభలో రెండు పట్టికలూ పక్కపక్కనే చూపింది. కింద చిక్కదనం తినేసిన శక్తికి విడిగా ఒక వరుస పెట్టింది. కొందరు పెదవి విరిచారట. ఒక పెద్దాయన మాత్రం తన విద్యార్థులను పిలిచి, మీ లెక్కలలో ఈ వరుస ఎక్కడ ఉన్నదో చూపండని అడిగాడట. గైడు కూడా ఆమెను మందలించలేదు. అది మా అదృష్టం.

ఇంత పట్టుదల ఎందుకని పాఠకులకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. శక్తి ఎటూ వేడిగా మారి తీరుతుంది. ఏ దారిన పోతేనేమి? పోయే దారినిబట్టి చేరే చోటు మారుతుందన్నదే దానికి జవాబు. బంగాళాఖాతం మీద గంగా, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ పోసే మంచినీరు పలచని మూతలా పరచుకొని ఉంటుంది. ఆ మూత గట్టిగా ఉన్నంతకాలం కింది చల్లని నీరు పైకి రాదు. అక్టోబరు, నవంబరు నెలలలో తుఫాను వచ్చి కెలికినా పై నీరు తగినంత చల్లబడకపోవడానికి అదొక కారణం. చల్లబడని నీరు తుఫానుకు మేత. లోపలి అలలు ఆ మూత అడుగునే విరుగుతున్నవా, లేక వెయ్యి మీటర్ల లోతున విరుగుతున్నవా అనేదానిమీద పైన నీటి వేడి ఆధారపడుతుంది. నమూనాలో కృత్రిమంగా కలిసిపోయిన నీరు నిజంగా కలిసిన నీరుగా చలామణి అయితే, దానిమీద ఆధారపడ్డ వర్షసూచన, తుఫానుసూచన అంతమేరకు పక్కకు జరుగుతవి. 2013 తరువాత కొన్నేళ్ళపాటు మన దేశపు ఓడలూ అమెరికా ఓడలూ బంగాళాఖాతంలో తిరిగి ఈ కలయికనే కొలిచినవి. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ‘ఇన్‌కాయిస్’ సంస్థ ప్రతిదినం వెలువరించే సముద్రసూచనలు మన ఆఫ్‌షోర్ సిబ్బందికి, కాకినాడ, నిజాంపట్నం బెస్తవారికి కూడా చేరుతున్నవి. ఆ సూచనల వెనుక ఉన్నవి కూడా ఇటువంటి గడుల బట్టలే. హెలికాప్టరులో ప్లాట్‌ఫారానికి వెళ్ళే మన పిల్లలు కొందరు ఆ అంకెలను చూసే బయలుదేరుతున్నారు.

అమ్మాయికి ఫెలోషిప్ మరో ఏడాది పొడిగించారు. ఇప్పుడు మొత్తం బంగాళాఖాతాన్ని వదలి, అండమాన్ గట్టుకు పడమట ఒక చిన్న ముక్కను తీసుకొన్నది. గడి వెడల్పు సగం చేసింది. పొడవునా, వెడల్పునా సగం చేస్తే గడులు నాలుగింతలవుతవి. అంచెకు అంచెకు మధ్య కాలం కూడా సగం కావాలి గనుక పని ఎనిమిదింతలు. నిలువు పొరలు కూడా రెట్టింపు చేసింది గనుక పదహారింతలు. మూడు వేరువేరు చిక్కదనాలతో నడిపించాలి గనుక దానికి మూడు రెట్లు. యంత్రం మీద ఆమె వంతు వచ్చేది వారానికి కొన్ని గంటలు. ఈ దీపావళికి ఇంటికి వచ్చినప్పుడు ఎంతవరకు వచ్చిందని అడిగాను.

“మొదటి దానిలో సముద్రానికి ఇరవైమూడవ రోజు నడుస్తున్నది నాన్నగారూ, అరవై కావాలి,” అని, వాళ్ళమ్మ చేసిన అరిసె ఇంకొకటి అందుకొన్నది.